హాల్ ఆంగర్

హాల్ ఆస్కార్ ఆంగర్ (మే 24, 1920 - అక్టోబరు 31, 2005) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన విద్యుత్ ఇంజనీరు, జీవభౌతిక శాస్త్రవేత్త. ఇతడు గామా కెమేరా సృష్టికర్తగా ప్రసిద్ధుడు. రోగి శరీరములోనికి పంపిన స్వల్ప మోతాదు రేడియోధార్మిక పదార్థము నుండి వెలువడే గామా కిరణాలను గ్రహించి, ఆ పదార్థము ఏ అవయవములో ఎంత మేర చేరినదో చిత్రరూపములో చూపే యంత్రమే గామా కెమేరా. దీనికి ఆంగర్ కెమేరా, స్ఫురణ కెమేరా అను పేర్లు కూడా ఉన్నవి. గుండె కండరమునకు రక్తము సరిగా అందుచున్నదా, గుండె ఎంత బలముగా రక్తమును వెలికి నెట్టుచున్నది అను విషయాలను శస్త్రచికిత్స లేకుండా తెలిసికొనుటకు ప్రపంచ వ్యాప్తముగా వాడిన పరికరాలలో అధిక భాగము ఆంగర్ 1950లలో కనుగొన్న సూత్రము మీదనే నిర్మింపబడినవి.

బాల్యము, విద్యాభ్యాసము

ఆంగర్ 1920 మే 24న కొలరాడో రాష్ట్రములోని డెన్వర్ నగరములో జన్మించాడు. బాల్యములోనే కాలిఫోర్నియా రాష్ట్రములోని లాంగ్ బీచ్ పట్టణమునకు చేరి అక్కడ పెరిగాడు. ఉన్నత విద్యకు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చేరి, 1943లో విద్యుత్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. ఇతడు వైద్యుడు కాడు, వైద్యశాస్త్రములో పట్టా కూడా లేదు. వైద్యులకు కావలసిన సాధనాన్ని ఒక ఇంజనీరు దృష్టితో పరిశీలించి నిర్మించుటయే ఇతని కృషిలోని విశేషము.

యుద్ధకాలములో

ఆంగర్ పట్టా పుచ్చుకొనునాటికి రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచున్నది. ఇతడు హార్వర్డ్ విశ్వవిద్యాలయములోని రేడియో పరిశోధనశాలలో చేరాడు. శత్రుసేనల రాడార్లను తికమక పెట్టి పనిచేయకుండా చేయు ఎలక్ట్రానిక్ సాధనాల రూపకల్పన ఆ సంస్థ పని. అతి స్వల్పకాలము మాత్రమే నిలిచే విద్యుత్ స్పందనాలను గ్రహించుట, వాటిని పోల్చుట, తెర మీద బిందువులుగా చూపుట వంటి పద్ధతులు రాడార్ విద్యలో ప్రధానమైనవి. తరువాతి కాలములో ఆంగర్ నిర్మించిన వైద్య పరికరాలలోను ఇటువంటి పద్ధతులే కనిపించును.

డానర్ ప్రయోగశాల

యుద్ధము ముగిసిన తరువాత ఆంగర్ బర్కిలీకి తిరిగివచ్చి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములోని డానర్ ప్రయోగశాలలో పరిశోధకుడుగా చేరాడు. సైక్లోట్రాన్ యంత్రమును నిర్మించి నోబెల్ బహుమతి పొందిన ఎర్నెస్ట్ లారెన్స్ సోదరుడు, వైద్యుడు అయిన జాన్ లారెన్స్ ఆ ప్రయోగశాలకు సారథి. సైక్లోట్రాన్‌లో తయారైన రేడియోధార్మిక భాస్వరమును 1936లోనే రక్త వ్యాధిగ్రస్తులకు చికిత్సగా ఇచ్చిన ఘనత జాన్ లారెన్స్‌ది. భౌతిక శాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలు, వైద్యులు ఒకే ప్రాంగణములో కలిసి పనిచేసే ఆ వాతావరణము ఆంగర్‌కు అనుకూలించింది.

ఆంగర్ తొలి పనులలో ఒకటి బర్కిలీలోని 184 అంగుళాల సైక్లోట్రాన్‌కు సంబంధించినది. ఆ యంత్రము నుండి వెలువడే అధికశక్తి కణాల పుంజమును జీవశాస్త్ర ప్రయోగాలకు, చికిత్సకు అనువుగా మలచు కార్యములో కార్నీలియస్ టోబియాస్, జాన్ లారెన్స్‌లతో కలిసి ఇతడు పనిచేశాడు. ఆ తరువాత ఇతని దృష్టి క్రమముగా రేడియోధార్మికతను కొలిచే పరికరాల మీదకు మళ్ళింది.

ఆంగర్‌కు ముందున్న పరికరాలు

రేడియోధార్మిక పదార్థము సహాయముతో గుండె పనిని కొలుచుట ఆంగర్‌తో మొదలు కాలేదు. 1925లో బోస్టన్ నగరములో హెర్మన్ బ్లూమ్‌గార్ట్ అను వైద్యుడు తన సహచరులతో కలిసి ఒక ప్రయోగము చేశాడు. రేడియం నుండి లభించే ఒక పదార్థమును ఒక చేతి సిరలోనికి ఎక్కించి, అది గుండె, ఊపిరితిత్తుల గుండా ప్రయాణించి రెండవ చేతికి చేరుటకు పట్టే కాలమును కొలిచాడు. ఆరోగ్యవంతులలో ఈ కాలము సుమారు 18 సెకన్లని, గుండె బలహీనపడిన వారిలో ఇది పెరుగునని తేలింది. 1948లో లాస్ ఏంజెలెస్‌లో మైరన్ ప్రింజ్‌మెటల్ బృందము ఛాతీ మీద గణకమును ఉంచి, రేడియోధార్మిక సోడియం గుండె గుండా సాగిపోవుటను రేఖాపటముగా నమోదు చేసింది. ఈ పద్ధతులు కాలమునో, పరిమాణమునో తెలిపినవి గాని బొమ్మను చూపలేదు.

బొమ్మను చూపిన తొలి యంత్రాలలో ముఖ్యమైనది లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో బెనెడిక్ట్ కాసెన్ 1950-51లో నిర్మించిన సరళరేఖా స్కానర్. రైతు పొలములో నాగలిని ఒక కొస నుండి మరొక కొసకు, మరల వెనుకకు నడిపినట్లు, ఒకే ఒక గ్రాహకము రోగి శరీరము మీదుగా అటూ ఇటూ కదులుతూ ఒక్కొక్క చోట గామా కిరణాలను లెక్కించేది. ఆ లెక్కకు తగినట్లుగా కాగితము మీద చుక్కలు పడేవి. కంఠములోని థైరాయిడ్ గ్రంథిని పరీక్షించుటకు ఇది చక్కగా ఉపయోగపడినది.

అయితే ఈ యంత్రము నిదానముగా కదిలేది. ఒక చోటిని చూచుచున్నప్పుడు మిగిలిన చోట్ల నుండి వచ్చే కిరణాలన్నీ వృథా అయ్యేవి. థైరాయిడ్ వంటి కదలని అవయవము విషయములో ఇది పెద్ద లోపము కాదు. కాని గుండె నిమిషమునకు సుమారు 70 సార్లు కొట్టుకొనును, రక్తములోనికి ఎక్కించిన పదార్థము కొద్ది సెకన్లలోనే గుండె గదులను దాటిపోవును. ఒక అంచు నుండి రెండవ అంచుకు గ్రాహకము చేరులోపల గుండెలోని దృశ్యము మారిపోవును. కావున అవయవము మొత్తమును ఒకేసారి, ఎడతెగకుండా చూడగల యంత్రము అవసరమైనది. ఆంగర్ ఈ సమస్యను తన పరిశోధనాంశముగా స్వీకరించాడు.

బావి గణకము

గామా కెమేరాకు ముందు ఆంగర్ రూపొందించిన మరొక పరికరము బావి గణకము (1951). సోడియం అయొడైడ్ స్ఫటికము మధ్యలో బావి వంటి రంధ్రము చేసి, అందులో రోగి రక్తమో, మూత్రమో ఉన్న చిన్న పరీక్షనాళికను దించెదరు. నమూనా చుట్టూ స్ఫటికమే ఉండుటచే వెలువడిన గామా కిరణాలలో అధిక భాగము లెక్కకు వచ్చును. చూచుటకు సాధారణముగా కనిపించే ఈ పరికరము ప్రపంచములోని వైద్య ప్రయోగశాలలకు విస్తరించి, అతి స్వల్ప పరిమాణములోని రేడియోధార్మికతను కొలుచుటకు ప్రామాణిక సాధనమైనది.

తొలి కెమేరా ప్రయత్నము

1952లో ఆంగర్ సూదిబెజ్జపు కెమేరా నమూనాను ప్రకటించాడు. పాఠశాల విద్యార్థులు అట్టపెట్టెకు చిన్న రంధ్రము చేసి తలక్రిందులైన బొమ్మను చూచుట అందరికీ తెలిసినదే. ఆంగర్ ఆ సూత్రమునే గామా కిరణాలకు వర్తింపజేశాడు. చిన్న రంధ్రము గల సీసపు కవచము గుండా వచ్చిన కిరణాలు సోడియం అయొడైడ్ స్ఫటికము మీద పడి వెలుగు పుట్టించును. ఆ వెలుగు వెనుకనున్న ఫొటోగ్రాఫిక్ ఫిల్ము మీద నమోదగును.

ఈ పద్ధతితో రోగి శరీరములోని రేడియోధార్మిక అయొడిన్‌ను చిత్రించుట సాధ్యమైనది గాని, ఫిల్ము చాలినంత సున్నితమైనది కాదు. బొమ్మ రావలెనన్న రోగికి ఎక్కువ మోతాదు ఇవ్వవలసి వచ్చెను, ఎక్కువసేపు కదలకుండా ఉంచవలసి వచ్చెను. ఫిల్మును తొలగించి, ప్రతి ఒక్క గామా కిరణమును విడివిడిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పట్టుకొననిదే ప్రయోజనము లేదని ఆంగర్ గ్రహించాడు.

గామా కెమేరా నిర్మాణము

తరువాతి కొద్ది సంవత్సరాల కృషి ఫలితముగా ఆంగర్ గామా కెమేరాను నిర్మించాడు. దాని వివరాలు 1958 జనవరిలో శాస్త్రీయ పరికరాలకు సంబంధించిన ఒక అమెరికా పత్రికలో ప్రచురితమైనవి. ఆ తొలి కెమేరాలోని స్ఫటికము వ్యాసము 4 అంగుళాలు (సుమారు 10 సెంటీమీటర్లు), మందము పావు అంగుళము. దాని వెనుక ఏడు కాంతి గుణక గొట్టాలను, మధ్య ఒకటి, చుట్టూ ఆరు వచ్చునట్లు అమర్చాడు. కాంతి గుణక గొట్టము అనగా అతి మందమైన వెలుగును సైతము గ్రహించి, దానిని లెక్కింపదగిన విద్యుత్ స్పందనముగా పెంచే శూన్యనాళిక.

పనిచేయు విధానము

గామా కెమేరా పనితీరును ఈ క్రింది దశలుగా విభజింపవచ్చును.

మొదటి దశ: సాధారణ కటకాలు గామా కిరణాలను వంచలేవు. కావున దారి తప్పి వచ్చు కిరణాలను అడ్డగించి, సరియైన దిశలో వచ్చువాటినే అనుమతించు సీసపు కవచము అవసరము. తొలి కెమేరాలో ఒకే బెజ్జము గల కవచము ఉండేది. తరువాత వేలకొలది సమాంతర రంధ్రాలు గల సీసపు పలకలు వాడుకలోనికి వచ్చినవి. వీటిని కొలిమేటర్లు అందురు. సామాన్యముగా శరీరము నుండి వెలువడే ప్రతి పదివేల గామా కిరణాలలో ఒకటి రెండు మాత్రమే ఈ రంధ్రాలను దాటగలవు.

రెండవ దశ: దాటి వచ్చిన కిరణము కొద్దిపాటి థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికమును తాకి చిన్న మెరుపును పుట్టించును. ఈ స్ఫటికములోని గుణమును 1948లో రాబర్ట్ హాఫ్‌స్టాడ్టర్ వెల్లడించాడు. తరువాత కాలములో వైద్యరంగములో విరివిగా వాడిన టెక్నీషియం గామా కిరణము ఒక్కొక్కటి ఇందులో సుమారు 5,000 కాంతికణాలను వెలువరించును.

మూడవ దశ: ఆ మెరుపు వెనుకనున్న అన్ని గొట్టాలకు కనబడును గాని అన్నిటికీ సమానముగా కనబడదు. చీకటి పెరటిలో ఏడుగురు ఏడు చోట్ల నిలిచియుండగా ఎక్కడో ఒక అగ్గిపుల్ల వెలిగినదనుకొనుడు. దగ్గరనున్న వానికి వెలుగు ఎక్కువగా, దూరమున ఉన్నవానికి తక్కువగా తోచును. ఆ ఏడుగురు చెప్పిన హెచ్చుతగ్గులను పోల్చి చూచినచో, అగ్గిపుల్ల ఎవరి వద్దనూ లేక ఇద్దరి నడుమ వెలిగినను దాని స్థానమును నిర్ణయింపవచ్చును. ఆంగర్ యంత్రము చేయు పని ఇదియే. ప్రతి గొట్టము నుండి వచ్చిన స్పందనమును దాని స్థానమునకు తగిన పాళ్ళలో కుడి, ఎడమ, పై, క్రింద అను నాలుగు సంకేతాలుగా ఒక విద్యుత్ వలయము విభజించును. కుడి ఎడమల భేదము నుండి అడ్డు స్థానము, పై క్రిందుల భేదము నుండి నిలువు స్థానము లభించును. ఈ విధానమునకు ఆంగర్ తర్కము అను పేరు స్థిరపడినది.

నాలుగవ దశ: అన్ని గొట్టాల స్పందనాల మొత్తము ఆ గామా కిరణపు శక్తిని తెలుపును. శరీరములో ఎక్కడో తాకి, దారి మళ్ళి వచ్చిన కిరణము కొంత శక్తిని కోల్పోయి ఉండును. అటువంటి వాటిని యంత్రము తిరస్కరించి, నియమిత శక్తి గలవాటిని మాత్రమే స్వీకరించును.

ఐదవ దశ: స్వీకరించిన ప్రతి కిరణమునకు ఆసిలోస్కోపు తెర మీద తగిన స్థానములో ఒక చుక్క వెలుగును. తెరకు ఎదురుగా ఉంచిన కెమేరా ఆ చుక్కలన్నిటిని ఒకే ఛాయాచిత్రముగా కూర్చును. తరువాతి కాలములో ఆసిలోస్కోపు స్థానమును కంప్యూటరు ఆక్రమించినది.

ఇందులోని ముఖ్యమైన విషయమేమనగా, ఏడు గొట్టాలతో ఏడు చుక్కల బొమ్మ కాక, గొట్టాల నడుమ గల ప్రతి స్థానమును గుర్తించగల బొమ్మ లభించినది. యంత్రములో ఏ భాగమూ కదలదు. అవయవము మొత్తము నిరంతరము దాని దృష్టిలో ఉండును.

తొలినాటి సంశయాలు

1958లో ఆంగర్ తన కెమేరాను అమెరికాలోని వైద్య సభలలో ప్రదర్శించాడు. వెంటనే దానికి విశేషమైన ఆదరణ లభించలేదు. ఇందుకు కారణాలు లేకపోలేదు. నాలుగు అంగుళాల స్ఫటికము థైరాయిడ్‌కు చాలును గాని కాలేయము, ఊపిరితిత్తుల వంటి పెద్ద అవయవాలకు చాలదు. ఆనాడు ఎక్కువగా వాడుకలో ఉన్న అయొడిన్-131 వెలువరించు గామా కిరణాల శక్తి (364 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు) చాలా ఎక్కువ. పలుచని స్ఫటికమును అవి చాలావరకు ఆగకుండా దాటిపోయేవి. మందమైన స్ఫటికము గల కాసెన్ స్కానర్ అయొడిన్ విషయములో మెరుగైన బొమ్మలను ఇచ్చేది. నెమ్మదిగానైనను నమ్మకముగా పనిచేయు స్కానర్లను విడిచి కొత్త యంత్రమును స్వీకరించుటకు పలువురు వెనుకాడినారు.

ఈ పరిస్థితిని మార్చినవి రెండు. మొదటిది యంత్రపు పరిమాణము పెరుగుట. 1960ల ఆరంభములో ఆంగర్ 11 అంగుళాల స్ఫటికము, 19 గొట్టాలు గల పెద్ద కెమేరాను నిర్మించాడు. న్యూక్లియర్-షికాగో సంస్థ ఈ కెమేరాను వాణిజ్య స్థాయిలో తయారు చేయుటకు ముందుకు వచ్చింది. 1962లో ఆ సంస్థ తొలి కెమేరాను ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములోని విలియం మయర్స్ అను వైద్య పరిశోధకునికి అందజేసినది.

రెండవది టెక్నీషియం-99ఎం. టెక్నీషియం మూలకమును 1937లో ఇటలీలోని పలెర్మోలో పెర్రియే, సెగ్రే కనుగొన్నారు. వారు పరీక్షించిన మాలిబ్డినం రేకు బర్కిలీ సైక్లోట్రాన్ నుండి పంపబడినదే. దాని ఐసోటోపు అయిన టెక్నీషియం-99ఎంను మరుసటి ఏడు బర్కిలీలోనే సెగ్రే, సీబోర్గ్ గుర్తించారు. దీని గామా కిరణాల శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అర్ధజీవితకాలము 6 గంటలు. పలుచని స్ఫటికములో చక్కగా ఆగగల శక్తి అది. పరీక్ష ముగియువరకు నిలిచి, అటుపై త్వరగా క్షీణించుటచే రోగికి తగులు వికిరణము కూడా తక్కువ. 1950ల చివర బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో దీనిని అందించు జనరేటరు తయారైనది. 66 గంటల అర్ధజీవితకాలము గల మాలిబ్డినం-99 అందులో ఉండును. అది క్షీణించగా ఏర్పడిన టెక్నీషియంను ప్రతి దినము ఉప్పునీటితో కడిగి తీసికొందురు. ఆవును పితికినట్లు రోజూ తీసికొనుటచే సిబ్బంది దానిని ఆవు అనియే వ్యవహరించేవారు. ఆంగర్ కెమేరా, టెక్నీషియం ఒకదానికొకటి తోడై 1960లలో వైద్యశాలలకు విస్తరించినవి.

హృదయ పరీక్షలో గామా కెమేరా

1960లలో గుండె లోపలి స్థితిని స్పష్టముగా తెలిసికొనుటకు ప్రధాన మార్గము రక్తనాళము గుండా సన్నని గొట్టమును గుండె వరకు పంపి ఎక్స్-రే చిత్రాలు తీయుట. అది ఖచ్చితమైన పద్ధతియే గాని రోగికి శ్రమ, కొంత ప్రమాదము కలిగించునది. పలుమార్లు చేయుటకు వీలు కానిది. గామా కెమేరాతో చేతి సిరలో ఒక సూదిమందు ద్వారానే చాలవరకు సమాచారము లభించసాగినది.

గుండె గదుల పరీక్ష: 1971లో బారీ జారెట్, విలియం స్ట్రాస్, బెర్ట్రాం పిట్ తదితరులు గామా కెమేరాను రోగి విద్యుత్ హృల్లేఖ (ఈసీజీ)తో అనుసంధానించు పద్ధతిని ప్రకటించారు. రక్తములో టెక్నీషియం కలిసియుండగా, గుండె పూర్తిగా విచ్చుకొన్న సమయములో ఒక చిత్రము, పూర్తిగా ముడుచుకొన్న సమయములో మరొక చిత్రము తీయుదురు. ఒక్క స్పందనలో లభించు కిరణాలు బొమ్మకు చాలవు కావున వందలాది స్పందనలలోని అదే దశకు చెందిన కిరణాలను ఒకచోట చేర్చెదరు. ఎడమ జఠరిక తనలోని రక్తములో ఎంత శాతమును వెలికి నెట్టుచున్నదో దీని వలన తెలియును. కంప్యూటర్ల రాకతో ఒక్కొక్క స్పందనను అనేక భాగాలుగా విభజించి, గుండె కదలికను చలనచిత్రము వలె చూచుట సాధ్యమైనది. కొన్ని కేన్సర్ మందులు గుండెను బలహీనపరచును. అట్టి మందులు తీసికొను రోగులలో చికిత్సను కొనసాగించవలెనా, ఆపవలెనా అని నిర్ణయించుటకు ఈ కొలత వైద్యులకు ఆధారమైనది.

గుండె కండరపు రక్తప్రసరణ పరీక్ష: 1970ల మధ్యలో థాలియం-201 వాడుకలోనికి వచ్చింది. దీని అర్ధజీవితకాలము సుమారు 73 గంటలు. శరీరములో ఇది పొటాషియం వలె ప్రవర్తించి, రక్తము అందుచున్న సజీవ కండర కణాలలోనికి ప్రవేశించును. రోగి నడకయంత్రము మీద వ్యాయామము చేయుచున్నప్పుడు దీనిని ఎక్కించి చిత్రము తీయుదురు. కొన్ని గంటల విశ్రాంతి తరువాత మరల చిత్రము తీయుదురు. మొదటి చిత్రములో వెలితిగా కనబడిన భాగము రెండవ చిత్రములో నిండినచో, అక్కడి కండరము జీవించియే ఉన్నదని, శ్రమ సమయములో రక్తము చాలుట లేదని అర్థము. రెండు చిత్రాలలోను వెలితిగానే ఉన్నచో అక్కడి కండరము గుండెపోటు వలన చనిపోయి మచ్చగా మారినదని భావించేవారు.

ఈ తేడా రోగికి ప్రాణసమానమైనది. చనిపోయిన కండరమునకు శస్త్రచికిత్స ద్వారా కొత్త రక్తమార్గము వేసినను ప్రయోజనము స్వల్పము. జీవించియున్న కండరమును మచ్చగా పొరబడినచో కాపాడదగిన గుండెను విడిచిపెట్టినట్లగును. 1990 ప్రాంతములో జరిగిన పరిశోధనలలో, రెండు చిత్రాలలోను వెలితిగా కనబడిన భాగాలు కొన్ని నిజమునకు సజీవముగానే ఉన్నవని, థాలియంను రెండవసారి స్వల్పముగా ఎక్కించినచో అవి బయటపడునని తేలింది. ఆ తరువాత పరీక్షా విధానాలలో తగిన మార్పులు జరిగినవి. 1990లో అమెరికా ప్రభుత్వము టెక్నీషియంతో తయారైన సెస్టామిబి అను మందును గుండె పరీక్షకు అనుమతించింది. థాలియం కన్న టెక్నీషియం కిరణాలు కెమేరాకు అనుకూలమైనవగుటచే బొమ్మలు మరింత స్పష్టమైనవి.

త్రిమితీయ చిత్రాలు: తొలి గామా కెమేరాలు చదునైన బొమ్మనే ఇచ్చేవి. గుండె ముందు గోడ, వెనుక గోడ ఒకదానిపై ఒకటి పడి కనిపించేవి. 1963లో డేవిడ్ కూల్, రాయ్ ఎడ్వర్డ్స్ శరీరపు అడ్డుకోత చిత్రాలను రేడియోధార్మిక పదార్థాలతో తీయు పద్ధతిని ప్రకటించారు. 1970లలో ఆంగర్ కెమేరానే రోగి చుట్టూ తిప్పుతూ అనేక కోణాల నుండి చిత్రాలు తీసి, కంప్యూటరు ద్వారా కోతలుగా కూర్చు యంత్రాలు వచ్చినవి. ఈ పద్ధతికి స్పెక్ట్ అని పేరు. గుండె పరీక్షలో కెమేరా సాధారణముగా కుడి ముందు భాగము నుండి ఎడమ వెనుక భాగము వరకు 180 డిగ్రీలు తిరుగును. 1990లలో స్పెక్ట్ పద్ధతిని ఈసీజీతో కలిపి, రక్తప్రసరణను, గుండె కదలికను ఒకే పరీక్షలో చూచుట వాడుకలోనికి వచ్చింది.

ఇతర ఆవిష్కరణలు

ఆంగర్ గామా కెమేరాతో ఆగిపోలేదు. ఒకే సమయములో ఎదురెదురు దిశలలో వెలువడే కిరణాల జంటలను గుర్తించు పాజిట్రాన్ కెమేరాను 1950ల చివరలో నిర్మించాడు. తరువాతి కాలములో ప్రసిద్ధి చెందిన పెట్ స్కానర్లకు దారి తీసిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. శరీరము మొత్తమును చిత్రించు స్కానరును, శరీరములోని వేర్వేరు లోతులను ఒకేసారి విడివిడిగా చూపు బహుతల టోమోగ్రాఫిక్ స్కానరును కూడా రూపొందించాడు. ఈ ఆవిష్కరణలకు ఇతడు పలు పేటెంట్లు పొందాడు.

లోపాలు, తరువాతి మార్పులు

ఆంగర్ తర్కమునకు కొన్ని పరిమితులున్నవి. స్ఫటికపు అంచులలో వెలుగు సమానముగా పంచబడదు కావున అక్కడి బొమ్మ సరిగా రాదు. గొట్టాలన్నీ ఒకే తీరున పనిచేయకపోవుటచే బొమ్మలో లేని వెలితులు ఉన్నట్లు కనిపించే ప్రమాదమున్నది. గుండె పరీక్షలో అటువంటి పొరపాటు వ్యాధి లేని వానిని రోగిగా చూపవచ్చును. 1970ల నుండి మైక్రోప్రాసెసర్ల సహాయముతో ఈ దోషాలను సరిచేయు పద్ధతులు వచ్చినవి. రెండు కిరణాలు దాదాపు ఒకేసారి వచ్చినచో యంత్రము వాటిని ఒకటిగా పొరబడుట మరొక లోపము.

2000ల దశాబ్దములో గుండె పరీక్షకు ప్రత్యేకించిన కొత్త కెమేరాలు విపణిలోనికి వచ్చినవి. వీటిలో సోడియం అయొడైడ్ స్ఫటికము, కాంతి గుణక గొట్టాలు ఉండవు. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ అను అర్ధవాహకము గామా కిరణమును నేరుగా విద్యుత్ స్పందనముగా మార్చును. చిన్న చిన్న గ్రాహకాలన్నీ గుండె వైపే దృష్టి నిలుపుటచే పరీక్షకు పట్టు కాలము, రోగికి ఇచ్చు మోతాదు తగ్గినవి. ఈ యంత్రాలు ఆంగర్ స్ఫటికమును విడిచినను, అవయవము మొత్తమును ఒకేసారి చూచుచు ఒక్కొక్క కిరణమును విడిగా గుర్తించుట అను ఆంగర్ ఆశయమును విడువలేదు.

యంత్రములెంత మెరుగైనను ఈ పరీక్షలు ఐసోటోపుల సరఫరాపై ఆధారపడి ఉండును. 2009 మే నెల నుండి 2010 ఆగస్టు వరకు కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు మూతపడినప్పుడు మాలిబ్డినం-99కు ప్రపంచవ్యాప్తముగా కొరత ఏర్పడి, అనేక దేశాలలో గుండె పరీక్షలు వాయిదా పడినవి.

భారతదేశములో

భారతదేశములో కేంద్రక వైద్యమునకు పునాది వేసిన సంస్థలలో 1963లో ముంబయిలో స్థాపింపబడిన వికిరణ వైద్య కేంద్రము ముఖ్యమైనది. ఇది భాభా అణు పరిశోధన కేంద్రమునకు అనుబంధమైనది. తరువాతి దశాబ్దాలలో గామా కెమేరాలు ఇతర నగరాలకు విస్తరించినవి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో కేంద్రక వైద్య విభాగము ఏర్పడినది. తెలుగునాట హృద్రోగులు సాధారణముగా థాలియం పరీక్ష, స్పెక్ట్ స్కాన్ అని పిలుచుకొను పరీక్షలు ఈ కెమేరాలతో చేయబడినవే.

పురస్కారములు

* 1964 - ఫిలడెల్ఫియా నగరము ప్రదానము చేయు జాన్ స్కాట్ పురస్కారము
* 1966 - గుగ్గెన్‌హైమ్ పరిశోధన వేతనము
* 1972 - ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయము నుండి గౌరవ డాక్టరేటు
* 1974 - అమెరికా కేంద్రక వైద్య సంఘము నుండి మార్గదర్శకులకిచ్చు గౌరవము
* 1994 - బెనెడిక్ట్ కాసెన్ బహుమతి

వీటిలో చివరిది ఆంగర్ కెమేరా రాకతో వెనుకబడిపోయిన సరళరేఖా స్కానర్ సృష్టికర్త పేరిట నెలకొల్పబడినది. సీటీ స్కాన్ రూపకర్తలకు 1979లోను, ఎంఆర్ఐ రూపకర్తలకు 2003లోను నోబెల్ బహుమతులు లభించినవి. గామా కెమేరాకు ఆ గౌరవము దక్కలేదు.

చివరి దశ

ఆంగర్ తన పరిశోధనా జీవితమును డానర్ ప్రయోగశాలలోనే గడిపి 1982లో పదవీ విరమణ చేశాడు. 2005 అక్టోబరు 31న బర్కిలీలో తన 85వ ఏట మరణించాడు. ఆనాటికి ఏడు గొట్టాల తొలి కెమేరా నుండి పుట్టిన యంత్రాలు ప్రపంచములోని వేలాది వైద్యశాలలలో పనిచేయుచుండెను. ఒకనాడు వైద్యులు సంశయముతో చూచిన ఆ సాధనము, కొట్టుకొనుచున్న గుండెను కత్తి తాకకుండా చూచుటకు మార్గమును ఏర్పరచినది.